మ్యాచ్ రోజు పొద్దున మా జట్టు గుండు చేయించుకుంది

ధనరాజు తలకు తువ్వాలు చుట్టుకుని ఆటో దిగాడు.

ఆ అబ్బాయి మా గోల్‌కీపరు. భావనపాడు నుంచి వచ్చి మా కాలేజీలో డిగ్రీ చదివేవాడు. సముద్రంలో మునిగి లేచినా చెదరని క్రాపు అతనిది. హాఫ్ టైములో మిగతావాళ్లంతా నీళ్ల సీసాల మీద పడితే, అతను ముందు సాక్సులోంచి దువ్వెన తీసేవాడు. అలాంటి మనిషి పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, జుట్టు కప్పుకుని దిగాడంటే ఏదో జరిగిందన్నమాట.

వెనకే కెప్టెన్ సింహాచలం దిగాడు. చెమటలు కారే ఎండలో అతని తల మీద ఉన్ని టోపీ ఉంది. రెండో ఆటోలో వచ్చినవాళ్లకు కప్పుకోవడానికి ఏమీ దొరకలేదు కాబోలు, చందనం పూసిన గుండ్లతో దిగి నా ముందు వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చెవి మీద ఇంకా కొంచెం నురగ ఉంది.

టోపీ తీయమన్నాను. సింహాచలం తీశాడు. తలతోపాటు మీసం కూడా లేదు. ఆ మీసం కోసం అతను రెండేళ్లు కష్టపడ్డాడని కాలేజీలో అందరికీ తెలుసు. అదేమయిందని అడిగాను.

"అదీ ఇచ్చేసినాం మేడం. సగం సగం ఇస్తే బాగోదని" అన్నాడు.

అది విజయనగరంలో, మా ఫుట్‌బాల్ జట్టు చరిత్రలోకెల్లా పెద్ద మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు. నా సంచిలో జట్టువాళ్ల గుర్తింపు కార్డులున్నాయి. ప్రతి కార్డు మీదా ఒక ఫొటో. ప్రతి ఫొటోలోనూ దట్టమైన జుట్టు.

ఈ రాత ఎవరికోసం

నేను శ్రీకాకుళం వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. పిల్లలు పిలిచేది పీడీ మేడం అని. మొన్న వేసవిలో మానేశాను. ఉద్యోగం గురించి రాసేవాళ్లకు సాధారణంగా తల నెరిసి ఉంటుంది. నాకింకా నెరవలేదు. పాపకు ఆరేళ్లు, బాబుకు నాలుగు. ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలి జట్టు వెంట ఊళ్లు తిరగడం ఇక నావల్ల కాలేదు. మానేసినప్పటి నుంచి, నా తర్వాత చేరిన అమ్మాయి వారానికోసారి ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతోంది. ఆమె అడిగేవాటికి పుస్తకాల్లో జవాబులు లేవు. అందుకని పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. బి.పి.ఎడ్. చేసి, మెడలో ఈల వేసుకుని, ఏదో ఒక కాలేజీ మెట్లెక్కబోతున్న వాళ్లందరికీ ఇది పనికొస్తే సంతోషం.

ముందుగా ఒక మాట. నేను భయస్థురాలిని. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాను. పిల్లవాడు దగ్గితే ఆస్పత్రిదాకా ఆలోచిస్తాను. ఈ గుణం వల్ల నాకు నిద్ర తక్కువ. ఈ ఉద్యోగానికి మాత్రం ఇది పెద్ద అర్హత. ధైర్యవంతులైన పీడీలను చాలామందిని చూశాను. వాళ్ల జట్లకు మ్యాచ్ రోజు నీళ్లుండవు, కట్టుకోవడానికి బ్యాండేజీ ఉండదు. నా సంచిలో అన్నీ ఉండేవి. గుండ్లకు మందు మాత్రం లేదు.

ఇసకలో ఆట, యార్డులో ఆట

చేరిన కొత్తలో నేను నల్లబల్ల మీద గీతలు గీసి పాఠం చెప్పేదాన్ని. వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. పిల్లలు బుద్ధిగా తల ఊపేవాళ్లు. మైదానంలోకి వెళ్లాక ఎవరి ఊరి ఆట వాళ్లు ఆడేవాళ్లు. నాకు మాట వినడం లేదని కోపం వచ్చేది. వాళ్ల ఊళ్లకు వెళ్లి చూసేదాకా సంగతి అర్థం కాలేదు.

భావనపాడు కుర్రాళ్లు ఆట నేర్చుకున్నది సముద్రపు ఒడ్డున. మెత్తటి ఇసకలో బంతి దొర్లదు. అందుకని కాలితో పైకి లేపడం, తలతో అందుకోవడం, మళ్లీ లేపడం వాళ్లకు అలవాటు. బంతి నేల మీద ఉంటే వాళ్లకు కాళ్లు ఆడవు. సాలూరు నుంచి వచ్చిన కుర్రాళ్లది దీనికి సరిగ్గా ఎదురు. బుజ్జి అనే పిల్లవాడు వాళ్లందరికీ నాయకుడు. వాళ్ల మావకు రెండు లారీలున్నాయి. యార్డులో ఆగి ఉన్న లారీల మధ్య సందుల్లో ఆడి పెరిగినవాళ్లు వాళ్లు. బంతి పైకి లేచిందంటే ఎవరి లారీ అద్దమో పగులుతుంది, తన్నులు పడతాయి. అందుకని బంతిని నేలకు అంటించి, చిన్న చిన్న పాసులతో సందుల్లోంచి తీసుకుపోతారు.

ఈ రెండు ఆటల్నీ ఒక జట్టుగా కలపడానికి నాకు చాలా కాలం పట్టింది. నిజం చెప్పాలంటే ఆ మ్యాచ్ దాకా కలవనేలేదు. ఇసక కుర్రాళ్లు బంతి లేపితే యార్డు కుర్రాళ్లు తల దించుకునేవాళ్లు. యార్డు కుర్రాళ్లు నేల మీద పాస్ ఇస్తే ఇసక కుర్రాళ్లు దాన్ని చేపపిల్లలా చూసేవాళ్లు.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మొదటి నెల నల్లబల్ల ముట్టుకోకండి. పిల్లలు ఎక్కడ ఆడి పెరిగారో వెళ్లి చూసి రండి.

మా ప్రిన్సిపాల్ గారు

పై అధికారుల గురించి రాయకుండా ఇలాంటి రాత పూర్తికాదు. మా ప్రిన్సిపాల్ గారు బోటనీ మనిషి. చాలా మంచివారు. ఆయనకు తెలిసిన మైదానమంతా కెమిస్ట్రీ ల్యాబు కిటికీ అద్దాలే. నన్ను చూడగానే "అద్దాలు క్షేమమేనా అమ్మా?" అని అడిగేవారు. కబడ్డీ ఉండగా ఫుట్‌బాల్ ఎందుకని నాలుగేళ్లు అడిగారు. కబడ్డీకి బంతి ఉండదు కదా, అదీ ఆయన బాధ.

అయితే ఎప్పుడూ అబద్ధం చెప్పని మనిషి. ఆ మంచి గుణమే మమ్మల్ని దాదాపు ముంచేసింది. ఆ సంగతి ముందు వస్తుంది.

విజయనగరం అంటే

మా గ్రూపులో మొదటి స్థానం వచ్చిన కాలేజీ విశాఖపట్నంలో జరిగే ఫైనల్ రౌండుకు వెళ్తుంది. మా కాలేజీ అప్పటిదాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు. ప్రతి ఏడాదీ ఆఖరి మ్యాచ్ విజయనగరం కాలేజీతోనే పడేది, ప్రతి ఏడాదీ వాళ్లే మమ్మల్ని ఇంటికి పంపేవాళ్లు. ఆ కాలేజీ పీడీ పైడిరాజు గారు నాకంటే బాగా సీనియరు, నియమాల పుస్తకం కంఠతా వచ్చిన మనిషి. వాళ్ల కెప్టెన్ అప్పలనాయుడు తాటిచెట్టంత పొడుగు. అతనికీ మా సింహాచలానికీ మూడేళ్లుగా వైరం. ఎదురుపడితే బావా అని పిలుచుకుంటారు, ఆ పిలుపులోనే సగం తిట్టు ఉంటుంది.

ఆ ఏడాది మొదటిసారి మాకు నిజంగా ఆశ కలిగింది. పాయింట్లు ఇద్దరికీ సమానం. గోల్స్ లెక్కలో వాళ్లు మెరుగు కనక, డ్రా అయినా వాళ్లకు చాలు. మాకు గెలుపే కావాలి. సింహాచలం, ధనరాజు, బుజ్జి ఫైనలియరు. ఫైనల్ రౌండు ఆడిన సర్టిఫికెట్ ఉంటే తర్వాత స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో పనికొస్తుంది. అంతకంటే పెద్ద సంగతి, ఈ ముగ్గురూ ఒక్కసారైనా విశాఖలో పెద్ద స్టేడియంలో ఆడాలని కలలు కన్నారు. ఆ వారమంతా కాలేజీలో ఎవరికీ పాఠాలు ఎక్కలేదు. క్యాంటీన్ ఆయన టీ గ్లాసులతో మా ఆటను బల్ల మీద పేర్చి చూపించేవాడు. లైబ్రరీలో ఎప్పుడూ తల ఎత్తని మేడం నన్ను ఆపి, కార్నర్ కిక్ అంటే ఏమిటని అడిగింది.

మా ఇంట్లో మాత్రం వేరే పార్టీ తయారైంది. బయలుదేరే ముందు రోజు పాప నా సంచి పక్కన కూర్చుని, ఓడిపోతే నేను మ్యాచ్ మర్నాడే వచ్చేస్తానా అని అడిగింది. వచ్చేస్తానన్నాను. గెలిస్తే? ఇంకో వారం విశాఖలో ఉండాలన్నాను. కాసేపు ఆలోచించి లేచి వెళ్లి దేవుడి అల్మారా ముందు చేతులు జోడించి నిలబడింది. ఏం కోరుకున్నావని అడిగితే చెప్పలేదు. తమ్ముణ్ణి కూడా లాక్కొచ్చి దణ్ణం పెట్టించింది.

అడ్వాన్సు సిద్ధాంతం

ముందురోజు సాయంత్రమే విజయనగరం చేరాం. మ్యాచ్ మధ్యాహ్నం. పొద్దున్నే రామతీర్థం వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తామని పిల్లలు అడిగారు. దగ్గరే కదా, పోనీ మనసుకు బాగుంటుందని సరేనన్నాను. జట్టు మేనేజరునూ నేనే, ఆ పొద్దున మేనేజర్ల సమావేశం ఉండటంతో నేను వెళ్లలేదు. ఇక్కడ రాసుకోండి: మ్యాచ్ రోజు పిల్లల్ని గుడికి వెళ్లొద్దని చెప్పకండి. మీరూ వెంట వెళ్లండి.

మొక్కు అంటే కోరిక తీరాక తీర్చేది. ఇది ఏ ఇంట్లో ఎవరిని అడిగినా చెప్తారు. మరి వీళ్లు ముందే ఎందుకు తీర్చారు? ఆటోల పక్కన నిలబెట్టి అదే అడిగాను. జవాబు బుజ్జి చెప్పాడు. అతని పిలక కూడా పోయింది.

"మా మావ లారీ ఉత్తినే ఎవులికీ పంపడు మేడం. అడ్వాన్సు ఇవ్వాల. అడ్వాన్సు తీసుకున్నోడు లోడు దింపకుండా పోడు. మనం గెలిసేక గుండు సేయించుకుంతామంటే దేవుడికి తొందరేటి? ఇప్పుడు సూడండి, తీసేసుకున్నాడు. ఇక తప్పించుకోనేడు."

మిగతావాళ్లంతా ఎంతో గంభీరంగా తలలు ఊపారు. ఆ ఊపుడుకు గుండ్లన్నీ ఎండలో ఒకేసారి మెరిశాయి. నాకు ఏడుపు రావాల్సింది. నవ్వు వచ్చింది. అదే నా తప్పు, ఎందుకంటే నేను నవ్వడం చూసి వాళ్లు ఇక భయం లేదనుకున్నారు.

వరస చివర స్టీఫెన్ కనిపించాడు. ఆదివారం చర్చి ఆరాధనకు వెళ్లడానికి ప్రాక్టీసు ఎగ్గొట్టే మనిషి, అతనికీ గుండే. నీకెందుకురా ఈ మొక్కు అన్నాను. అందరూ ఇచ్చాక తనొక్కడికే జుట్టుంటే జట్టులోవాడిలా ఉండనన్నాడు. మళ్లీ ఆదివారం పాస్టరు గారికి ఏం చెప్పాలో నన్నే ఆలోచించి పెట్టమన్నాడు.

గుర్తుపట్టడం

మ్యాచ్‌కు ముందు యూనివర్సిటీ పరిశీలకుడు రెండు జట్లనూ వరసగా నిలబెట్టి, కార్డు మీద ఫొటోనీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పోల్చి చూస్తాడు. బయటివాళ్లను తెచ్చి ఆడించే కాలేజీలు ఉన్నాయి కాబట్టి ఈ జాగ్రత్త. పరిశీలకుడు మా మొదటి కార్డు చూశాడు. ఫొటోలో నుదుటి మీదికి జుట్టు పడుతున్న ఒక హీరో. ఎదురుగా చందనం పూసిన ఒక కొబ్బరికాయ. రెండో కార్డు చూశాడు. కార్డులన్నీ కలిపి పేకముక్కల్లా మళ్లీ ఒకసారి తిరగేశాడు. ఆఖరికి నా వైపు చూసి, వీళ్లలో ఎవరు ఎవరు అని అడిగాడు.

నేను పేర్లు చెప్పాను. పైడిరాజు గారు గొంతు సవరించుకున్నారు. మేనేజరు మాట చెల్లదు, కాలేజీ నుంచి ధ్రువీకరణ కావాలి, లేకపోతే ఆడకుండానే తమకు గెలుపు రాసి వాకోవర్ ఇవ్వాలి, నియమం అలాగే ఉందన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్నేమో.

నేను వెంటనే ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పరిశీలకుడు తన పేరు చెప్పి, మీ ఫుట్‌బాల్ జట్టులో అందరికీ గుండ్లున్నాయా అని అడిగాడు.

ప్రిన్సిపాల్ గారు కొంచెం ఆలోచించి, ఎంతో నిజాయితీగా జవాబిచ్చారు. "గుండ్లా? లేవండీ. మా పిల్లలకు జుట్టు ఎక్కువ. కత్తిరించుకోమని నేనే రోజూ చెప్తుంటాను."

పొద్దున్నే గుండు చేయించుకున్నారని నేను చెప్పేలోపే పరిశీలకుడు, జవాబు వచ్చేసిందిగా అని ఫోన్ కట్ చేశాడు. సింహాచలం వంక చూశాను. ఉన్ని టోపీ తీసి మళ్లీ తలకు తగిలించుకుంటున్నాడు. ఆటలో ఓడిపోవడం వాళ్లకు అలవాటే. ఆడకుండా, గుండుతో, బస్సెక్కి ఇంటికి వెళ్లడం మాత్రం ఏ కలలోనూ లేదు. ఆట చూసేందుకు భావనపాడు నుంచి వ్యానులో వచ్చిన ధనరాజు వాళ్ల అమ్మ గీత దాటి లోపలికి వచ్చింది. నా కొడుకుని నేను గుర్తుపట్టనా అని పరిశీలకుడితో వాదించింది. ఆయన, అమ్మా, తల్లి మాట రూల్సులో లేదు అన్నాడు పాపం.

అప్పుడు ఎదుటి వరసలోంచి అప్పలనాయుడు కదిలాడు. ఎవరినీ అడగకుండా నడిచి వచ్చి సింహాచలం ముందు నిలబడ్డాడు. పైనుంచి కిందికి చూసి, వంగి తన సాక్సు కిందికి లాగాడు. పిక్క మీద పాత మచ్చ.

"ఈడు సింహాచలమే సార్. పోయినేడు నన్ను ఇక్కడ తన్నేడు. గుండు గీయించుకుంటే మర్సిపోతానేటి?"

పైడిరాజు గారు ఒరే నాయుడూ అని ఆపబోయారు. అతను ఆగలేదు. వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ చూపించాడు. ఇతను స్టీఫెను, కార్నర్ తన్నేముందు ముక్కు గోక్కుంటాడు. ఇతను బుజ్జి, నోరు మూసుకుని ఒక్క నిమిషం ఆడలేడు. ఇతను ధనరాజు, పెనాల్టీకి ఎప్పుడూ ఎడమవైపే దూకుతాడు. అతని వెనక మిగతా విజయనగరం కుర్రాళ్లూ వచ్చారు. ఎవరి పగవాణ్ని వాళ్లు వెతుక్కుని పట్టుకున్నారు. మా ఎడమ బ్యాక్ అబ్బాయిని ఒకతను నడిచి చూపించమని, ఆ వంకర నడక చూసి ఖాయం చేశాడు. పెళ్లిచూపుల్లా ఉంది. గ్యాలరీలో జనం పడి పడి నవ్వుతున్నారు.

ఎందుకురా ఇంత అవసరం, వాకోవర్ వస్తే విశాఖ మనదే కదా అని పైడిరాజు గారు కోపంగా అడిగారు. అప్పలనాయుడు తల గోక్కున్నాడు.

"ఈళ్లని ఓడించకుండా ఎల్తే ఊళ్లో ఏటని సెప్పుకుంటాం సార్? గుండ్లు సూసి గెలిసేమనా?"

పైడిరాజు గారు చేతిలోని నియమాల పుస్తకం మూసి, నాకు అభ్యంతరం లేదని పరిశీలకుడితో చెప్పారు. రెండు జట్ల కెప్టెన్లూ సంతకం పెట్టాక ఈల మోగింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో దీనిదే పైమెట్టు. మీ పిల్లల గురించి బాగా తెలిసినవాళ్లు ఎవరంటే మీరు కాదు, కాలేజీ కాదు, ఫొటో కాదు. మూడేళ్లు వాళ్లతో తలపడినవాడు. ప్రత్యర్థిని ద్వేషించమని పిల్లలకు నేర్పే పీడీలున్నారు. వాళ్లు ఈ ఉద్యోగానికి తగరని నా అభిప్రాయం.

ఆట

మొదటి సగం ఘోరం. అప్పుడే గీసిన తలల మీద కత్తి గాట్లు, వాటి మీద ఎండ, ఆ పైన చెమట. భావనపాడు కుర్రాళ్లు అలవాటుగా బంతిని గాల్లోకి లేపారు. సింహాచలం ఎగిరి తలతో కొట్టాడు. కొట్టి, తల పట్టుకుని మైదానం మధ్యలో కూర్చున్నాడు. తర్వాతి నుంచి బంతి పైనుంచి వస్తుంటే అందరూ వడగళ్ల వాన పడుతున్నట్టు తప్పుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు తప్పుకున్న చోటే అప్పలనాయుడు తాపీగా తలతో గోల్ కొట్టాడు.

హాఫ్ టైములో తువ్వాళ్లు తడిపి తలలకు చుట్టించాను. వడదెబ్బ తగులుతుందేమోనని ఒక్కొక్కరి కళ్లూ చూశాను. బంతి ఇక మోకాలి పైకి లేవకూడదని చెప్పాను. ఇది మైదానం కాదు, సాలూరులో లారీ యార్డు, చుట్టూ అద్దాలున్నాయి, బుజ్జి చెప్పినట్టు అందరూ ఆడాలి అన్నాను. ఇసక కుర్రాళ్ల ముఖాలు మాడిపోయాయి.

"మరి నానేటి సెయ్యాల మేడం?" అని అడిగాడు ధనరాజు. బంతి చేతికి వస్తే దూరం తన్నడం అతని గొప్ప. తన్నొద్దు, బుజ్జి కాళ్ల దగ్గరికి దొర్లించు అన్నాను. అడ్వాన్సు తీసుకున్న దేవుడి మీద అతనికి అప్పటికే కొంత కోపం ఉన్నట్టుంది, ఆకాశం వంక ఒకసారి గుర్రుగా చూసి వెళ్లాడు.

రెండో సగంలో బంతి నేలను వదల్లేదు. బుజ్జి మధ్యలో నిలబడి అరుస్తూ, తిడుతూ, సందులు చూపిస్తూ నడిపించాడు. బంతి మోకాలి పైకి లేవకపోయేసరికి అప్పలనాయుడి పొడవు ఎందుకూ పనికిరాలేదు. స్టీఫెన్ ఒకటి కొట్టి స్కోరు సమం చేశాడు.

ఆ తర్వాత జరిగింది మాలో ఎవరూ ఊహించలేదు. దగ్గర నిలబడితే మా పిల్లల్ని మచ్చతో, నడకతో గుర్తుపట్టిన విజయనగరం కుర్రాళ్లు పరుగులో గుర్తుపట్టలేకపోయారు. మూడేళ్లుగా వాళ్లు మా వాళ్లను కాపు కాసింది జుట్టు చూసి. ఎర్రరంగు పూసిన క్రాపు సింహాచలం, పిలక బుజ్జి, ఉంగరాలు తిరిగింది స్టీఫెను. ఇప్పుడు మైదానమంతా ఒకటే రకం తలలు తిరుగుతున్నాయి.

"ఆ గుండోడ్ని పట్టుకోరా" అని అప్పలనాయుడు అరిచాడు.

"ఏ గుండోడ్నిరా?" అని వాళ్ల బ్యాక్ అంతకంటే గట్టిగా అడిగాడు.

ఆ ప్రశ్నకు మా వాళ్లూ, గ్యాలరీలో వాళ్ల ఊరి జనమూ కలిసి నవ్వారు. పైడిరాజు గారు మాత్రం నవ్వలేదు, నంబరు చూడండిరా అని గీత పక్కన పరిగెడుతున్నారు. ఆట ముగింపుకు వస్తుండగా స్టీఫెన్ కుడివైపు పరిగెత్తాడు. అతనే సింహాచలం అనుకుని ఇద్దరు బ్యాకులు వెంటపడ్డారు. బుజ్జి వాళ్ల కాళ్ల మధ్యలోంచి బంతిని ఎడమవైపు పంపాడు. అక్కడ అసలు సింహాచలం ఒంటరిగా ఉన్నాడు. తొందరపడలేదు. కాలి లోపలివైపుతో, అద్దం పగులుతుందేమో అన్నంత మెల్లగా, బంతిని మూలకు తోశాడు.

మిగిలిన ఆట నేను చూడలేదు. ధనరాజు వాళ్ల అమ్మ భుజంలో ముఖం దాచుకుని, ఇప్పుడేమైంది, ఇప్పుడేమైంది అని అడుగుతూ ఉన్నాను. ఆమె నాకంటే ధైర్యస్థురాలు. అడిగినప్పుడల్లా, "బంతి దూరంగానే ఉన్నాది లేమ్మా" అంది. ఒకసారి మాత్రం నా చెయ్యి గట్టిగా నొక్కింది. అప్పుడు ధనరాజు దూకి బంతి ఆపాడట, ఈసారి కుడివైపు. ఈల మోగాక ఆమె నన్ను వదిలి పరిగెత్తింది. పరిగెత్తి వేరే పిల్లవాణ్ని కొడుకనుకుని కౌగిలించుకుంది.

అప్పలనాయుడు గడ్డి మీద పడుకుని ఆకాశం చూస్తున్నాడు. సింహాచలం వెళ్లి పక్కన కూర్చున్నాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. లేచేటప్పటికి ఇద్దరి చొక్కాలూ మారిపోయి ఉన్నాయి, సింహాచలం చొక్కా అప్పలనాయుడికి బొడ్డుదాకా వచ్చింది. పైడిరాజు గారు నా దగ్గరికి వచ్చి, వచ్చే ఏడాది రూల్సులో గుండు గురించి ఒక లైను రాయిస్తానమ్మా అన్నారు. అని, నా సంచి అందుకుని బస్సుదాకా మోశారు.

ప్రిన్సిపాల్ గారికి బస్సులోంచి ఫోన్ చేశాను. గెలిచామన్నాను. చాలా సంతోషించారు. ఇంతకీ ఆ గుండ్ల జట్టు ఏ కాలేజీదమ్మా అని అడిగారు. బస్సులో పాట ఆగిపోయేంతగా నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున

ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. బస్సులో ఉన్నంతసేపూ ఎగిరిన మనసు, గుమ్మం దగ్గర మెల్లగా కిందికి దిగింది. మర్నాడు సాయంత్రానికల్లా విశాఖలో ఉండాలి. వెళ్లాల్సిన ఊళ్లు పెరుగుతుంటే, ఇంట్లో మనం చూడకుండానే పిల్లలు పెరుగుతుంటారు. ఈ ఉద్యోగంలో మీకు ఎవరూ చెప్పనిది ఇదే. గెలిచిన ప్రతిసారీ ఇంటి నుంచి ఇంకొంచెం దూరం వెళ్తారు. దానికి ఉపాయం నాకు దొరకలేదు. ఒక్కసారికి మాత్రం దొరికింది. పొద్దున్నే కాఫీ దగ్గర మా ఆయనతో మాట్లాడాను, ఆయన బడికి ఫోన్ చేశారు.

పాప లేచి వచ్చి తలుపు దగ్గర నన్ను చూసింది. ముఖం వెలిగిపోయింది. తమ్ముణ్ణి నిద్రలేపి మరీ చెప్పింది, అమ్మ వచ్చేసింది, అంటే ఓడిపోయారు అని. ఇద్దరూ నా మెడకు వేలాడారు. ఓడిపోయినందుకు అంత ముద్దుగా నన్ను ఎవరూ ఎప్పుడూ అభినందించలేదు.

వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని నిజం చెప్పాను. "గెలిచామమ్మా. అమ్మ ఇంకా ఇంటికి రాలేదు, బట్టలు మార్చుకోవడానికి వచ్చింది. మీ బట్టలు కూడా సర్దేశాను, బస్సు టైమవుతోంది, బేగి పళ్లు తోముకోండి."